మా మామ అరికాలు

మైదుకూరులో మా ఇల్లూ మండీ ఒకే ఆవరణలో ఉంటాయి. వీధి వైపు మండీ, వెనక ఇల్లు, రెండింటి నడుమ బండలు పరిచిన పెద్ద కల్లం. రైతులు అమ్మడానికి తెచ్చిన వేరుశనగ కాయలు ఆ బండల మీద ఆరబోస్తారు. కోడలిగా నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన మూడో రోజో నాలుగో రోజో, వంటింటి కిటికీలోంచి మా మామ ఆ కాయల మీద నడవడం చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

చెప్పులు దూరంగా విడిచి, పంచె కాస్త పైకి పట్టుకుని, కళ్లు మూసుకుని, పాదాలు ఎత్తకుండా కాయల్లో దున్నుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు. అంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. చివరికి చేరాక కళ్లు తెరిచి, "ఇంగొక ఎండ కావల్లప్పా" అనో, "మూటలు కట్టుకోండి" అనో తీర్పు చెబుతాడు. కాయ ఎండిందో లేదో ఆయన అరికాలికి తెలుస్తుందట. చెమ్మ ఉన్న కాయ వేళ్ల సందుల్లో చల్లగా తగులుతుందట, ఎండిన కాయ మడమ కింద చిట్లుతుందట. మా ఆయన తేమ చూసే మిషను ఒకటి కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు. మా మామ దాని మీద పేపరు ఆనించుకుని చదువుకునేవాడు.

నేను కర్నూలు దాన్ని. కోపం ముక్కు మీదే ఉంటుంది, మాట దాచుకోవడం చేతకాదు. "మామా, మీ కాళ్లు బాగా చదువుకున్నట్టున్నాయే" అని ఒకరోజు అనేశాను. మా అత్త గుడ్లురిమింది. ఆయన మాత్రం పడీపడీ నవ్వాడు. "నా కాళ్లు ఎమ్మే పాసైనాయమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ జత కుదిరింది. పుట్టింటి మీద బెంగ నాకు తీరింది ఆయన వల్లే. ఈ మాట ఆయనతో ఎన్నడూ చెప్పలేదు.

మా మామకు షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. ఆయన లెక్కలో అది నోటికి సంబంధించిన జబ్బు. తీపి తినకపోతే దాని పని అయిపోయినట్టే. కాఫీలో చక్కెర మానేశాడు, పెళ్లిళ్లలో లడ్డు పక్కవాళ్ల ఆకులో వేసేవాడు, మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. "నా షుగరు నా మాట వింటాదమ్మా" అని గర్వంగా చెప్పేవాడు. కాళ్లకూ దానికీ ఏం సంబంధమో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. సైన్సు చదివి వచ్చిన నాకూ తెలియదు, అది ఒప్పుకోవాలి.

బద్వేలు దారిలో ఉన్న ఒక పల్లె నుంచి ఒక రైతు మాకు ముప్పై ఏళ్లుగా కాయలు తెచ్చేవాడు. మా మామ ఈడువాడు. నాలుగెకరాల మెట్ట ఉంది. వాళ్ల ఊరి చర్చిలో పెద్దమనిషి. ఆయన వస్తే మా మామకు పండగే. ఇద్దరూ బేరం మొదలుపెట్టి, పోట్లాడి, తిట్టుకుని, చివరికి ఒకే ప్లేటులో బొరుగులు తినేవాళ్లు. ఒక ఏడాది ఆయన కాయలు తెచ్చి ఆరబోశాడు. మా మామ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని నడిచి, "మూటలు కట్టుకోండి" అన్నాడు.

"ఇంగొక ఎండ కావల్లేమో శెట్టీ, రవ్వంత చెమ్మ ఉన్నట్టుండాది" అన్నాడు ఆ రైతు.

"నా కాలి కంటే నీ నోటికి తెలుస్తాదా?" అన్నాడు మా మామ.

మూటలు కట్టి గదిలో వేశారు. రెండు వారాల తర్వాత తలుపు తీస్తే ముక్కుపుటాలు అదిరిపోయే వాసన. మూటల్లో చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నాయి. లోపలంతా పచ్చటి బూజు. మా మామ ఆ గది ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మండీలోకి వెళ్లి, పదిమంది వింటుండగా, "ఆ మనిషి నాకు పచ్చికాయ అంటగట్టినాడు" అన్నాడు. ఆ మాట మరుసటి రోజుకే ఆ పల్లె చేరింది. ఆ రైతు బస్సెక్కి వచ్చి గేటు దగ్గరే నిలబడి, "నువ్వే తొక్కి చూసినావు గదా శెట్టీ, నేను వద్దని జెప్పలేదా?" అని అడిగాడు. మా మామ తల ఎత్తలేదు. ఆ రైతు వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

నాకు మా మామ మీద ఒళ్లు మండిపోయింది. ఆ రోజు రైతు అన్న మాట కిటికీలోంచి నేనూ విన్నాను. "మామా, ఆయన చెప్పాడు కదా, మీరే వినలేదు" అన్నాను. మొదటిసారి ఆయన నన్ను కసిరాడు. "నీకేం తెలుసు, లోపలికి పో" అన్నాడు. వయసు మీద పడుతోంది, పంతం పెరుగుతోంది అనుకున్నాను. నేను పొరబడ్డాను.

ఆ ఏడు వేసవి మొదట్లోనే మార్కెట్ యార్డులో షుగరు వాళ్లకు ఉచితంగా కాళ్ల పరీక్ష పెట్టారు. హమాలీలు, రైతులు, కొట్ల వాళ్లు వరస కట్టారు. మా ఆయన బలవంతం మీద మా మామ వచ్చాడు, తోడుగా నేను వెళ్లాను. ఒక నర్సమ్మ బల్ల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ పోగుతో అరికాల్లో అక్కడక్కడా ఒత్తుతుంది. తగిలినప్పుడల్లా తెలుస్తోందని చెప్పాలి. చాలామంది అది పరీక్ష కదా, పాసవ్వాలి అనుకున్నారు. నర్సమ్మ పోగు ఇంకా చేతిలోకి తీసుకోకముందే ఒక హమాలీ "ఆ, తెలుస్తాండాది" అన్నాడు. అందరూ నవ్వారు. మా మామ వంతు వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. ఒత్తిన ప్రతిసారీ "ఆ", "ఆ", "ఆ". నర్సమ్మ మెచ్చుకుంది. ఆయన బల్ల దిగి ఫస్టు ర్యాంకు వచ్చిన పిల్లవాడిలా నా వైపు చూశాడు. నేను నిజంగానే మురిసిపోయాను. ఇంటికొచ్చి మా అత్తతో, "మామ కాళ్లకేం ఢోకా లేదత్తా" అని నేనే చెప్పాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే చిరాకేస్తుంది.

తర్వాత రెండు నెలలకు, ఒక ఉదయం ఇల్లు తుడుస్తున్నాను. మావి నల్ల బండలు, వాటి మీద ఏ మరకా కనబడదు. గుడ్డ పిండితే బకెట్టులో నీళ్లు ఎర్రబడ్డాయి. కుంకుమ ఒలికిందేమో అనుకున్నాను. ఇంకోసారి తుడిచి పిండాను, మళ్లీ ఎరుపే. వాసన చూస్తే రక్తం. మా అత్తను అడిగాను, మా ఆయన్ను అడిగాను, అందరూ కాళ్లు చూసుకున్నారు. మా మామ మాత్రం పేపరులోంచి తల ఎత్తకుండా, "నాకేం లేదమ్మా" అన్నాడు. ఒకసారి చూపించండి మామా అంటే, "కోడలికి అరికాళ్లు చూపిస్తారా ఎవరన్నా, పో" అని కాళ్లు పంచెలోకి లాక్కున్నాడు. మా అత్తకూ చూపించలేదు. "తెల్లారితే చాలు నా కాళ్ల మింద పడినారు అందరూ" అని విసుక్కున్నాడు.

ఆ విసుగులోనే నాకు దారి దొరికింది. కాళ్లు చూపించనన్న మనిషి, కాళ్లకు మొక్కుతానంటే వద్దనలేడు కదా! మర్నాడు పొద్దున్నే తలకు పోసుకుని, బొట్టు పెట్టుకుని, ఆయన కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "మామా, దీవించండి" అని రెండు పాదాలూ పట్టుకున్నాను.

"ఏమ్మా, యాడలేని భక్తి పుట్టుకొచ్చింది నీకు? ఈ పొద్దు ఏం పండగ?" అన్నాడు.

"శుక్రవారం మామా" అన్నాను. నిజానికి బుధవారం.

ఆయన ఏదో గొణుగుతూ దీవిస్తున్నాడు. నేను మొక్కుతూ మొక్కుతూ ఎడమ పాదం కిందికి వేళ్లు పోనిచ్చాను. తడిగా తగిలింది. ఇంకొంచెం లోపలికి జరిపాను. సూదిలాంటిది ఏదో నా వేలికి కసుక్కున దిగింది. "అబ్బా!" అని గట్టిగా అరిచాను.

"ఏమైందమ్మా?" అన్నాడు మా మామ కంగారుగా ముందుకు వంగి. "ఏం గుచ్చుకున్నాది?"

ఆయన కాలు నా చేతిలోనే ఉంది. ఇక ఆయన వద్దంటున్నా వినకుండా పైకెత్తి చూశాను. మూటలు కుట్టే దబ్బనం విరిగిన ముక్క, చిటికెనవేలి మొదట్లో, సగానికి పైగా లోపలికి దిగి ఉంది. చుట్టూ చర్మం తెల్లగా నాని, వాచి, కింద నల్లబడుతోంది. ఎన్ని రోజుల నుంచి దాని మీదే నడుస్తున్నాడో. ఆయన కాల్లో దిగిన దబ్బనం నన్ను పొడిచింది, నేను అరిచాను, ఆయన నా వేలికి ఏమైందోనని నా చెయ్యి పట్టుకుని చూస్తున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఆయన్ను తిట్టాను. మామను తిట్టకూడదని నాకు తెలుసు. అయినా తిట్టాను.

ఆ రోజే కడప ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ ముక్క తీసింది, గాయం లోపలికి ఎంత పోయిందో చూసింది. నరాలు చచ్చుబడ్డాయనీ, షుగరు ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఇదేననీ చెప్పింది. చిటికెనవేలు దక్కదనీ, కాలు దక్కుతుందో లేదో వారం తర్వాత చెబుతాననీ అంది. వేలు తీసేశారు. రోజూ కట్టు మార్చేవాళ్లు. ఆ వారమంతా మా మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కట్టు మార్చే చోటే కూర్చుని, ఎలా కడుగుతున్నారో, ఎలా ఆరబెడుతున్నారో, ఏ మందు ఎంత పెడుతున్నారో చూసి నేర్చుకున్నాను.

ఐదో రోజో ఆరో రోజో, మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే, ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఆ నర్సమ్మ గాజులేసుకోనుండె."

నాకు అర్థం కాలేదు.

"యార్డులో పోగుతో పొడిచిందే, ఆ నర్సమ్మ. చెయ్యి కదిలినప్పుడల్లా గాజులు గలగలమంటాండె. గాజులు చప్పుడైనప్పుడల్లా తెలుస్తాండాదని జెప్పినా."

నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"మరి కాయలు, మామా?"

"నా కాళ్లు ఎప్పుడో పోయినాయమ్మా. మూడేండ్లయింది. మొదట్లో తిమ్మిర్లనుకున్నా. తర్వాత పత్తి మింద నడిచినట్టుండె. చెవితోనే నెట్టుకొస్తాండా. ఎండిన కాయ తొక్కితే చిటచిటమంటాది గదా. ఆ పొద్దు వీధిలో లారీవాడు ఇంజను ఆపలే. ఏం వినపడలే. ఇంగోసారి తొక్కి చూస్తానని అడగడానికి నాకు నోరు రాలే."

"తెలియడం లేదని ఒక్కమాట అంటే ఏం పోయేది మామా?"

"ఆ మాట నాకు చాతకాదమ్మా" అన్నాడు. "మండీలో కూచున్నోడు తెలీదంటే ఇంగ ఎవరొస్తారు?" మళ్లీ తనే, "ఆ మనిషి మింద నింద ఏసినా. అదే శానా బాధగా ఉండాది, వేలు పోయినదానికంటే" అన్నాడు.

ఆయన కళ్ల వెంట నీళ్లు కారడం నేను చూడటం అదే మొదటిసారి. కొంగుతో తుడిచి, మిగిలిన ముద్దలు పెట్టాను. నాకు అప్పటిదాకా ఉన్న కోపమంతా ఎటుపోయిందో పోయింది.

వారం గడిచాక కాలు నిలబడిందని చెప్పింది డాక్టరమ్మ. ఇంటికి పంపేటప్పుడు నన్ను పక్కకు పిలిచింది. "కుడికాలు కూడా ఇలాంటిదే. పాదాలు రోజూ చూడాలి, వేళ్ల సందులతో సహా. వేడినీళ్లలో పెట్టొద్దు. ఆనెకాయలు బ్లేడుతో కోయొద్దు. చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఏదైనా అనుమానం వస్తే ఆయన దాచకుండా చెప్పాలి. దాచారా, ఈసారి వేలితో పోదు" అంది. మిగతావన్నీ నేను చేయగలను. చెప్పడం మాత్రం ఆయనే చేయాలి. నాకు భయం దానితోనే.

ఇంటికి రాగానే మా అత్త ఇంకో బాంబు పేల్చింది. ఆయన కాలు నిలబడితే ఒంటిమిట్ట రాములవారి గుడి చుట్టూ చెప్పుల్లేకుండా పదకొండు ప్రదక్షిణలు చేయిస్తానని మొక్కుకుందట! మండు వేసవి, బండలు నిప్పుల్లా ఉంటాయి. కాలు దక్కినందుకు ఆ కాలినే కాల్చుకోవాలి. "అత్తా, మీరు మొక్కుకునేటప్పుడు రాములవారు కూడా తల పట్టుకుని ఉంటారు" అన్నాను. ఆమెకు కోపమొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "మొగుడి మొక్కు పెండ్లాం తీర్చొచ్చంటలే" అని తనకు తానే తీర్పు చెప్పుకుని, తానే ఒంటిమిట్ట వెళ్లి పదకొండు చుట్లూ తిరిగి వచ్చింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. కుర్చీలో కూలబడి, "కాలుతాండాది నాయనా, మంట, మంట" అని ఒకటే మూలుగు.

మా మామ చెప్పులు టకటకలాడించుకుంటూ ఆమె ఎదురుగా వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు ఆమె కాళ్లవైపే చూశాడు.

"ఎట్లుంటాదే మంట?" అని అడిగాడు. "నీకు తెలుస్తాండాదా?"

మా అత్త మూలుగు ఆపేసింది. ఆయన ఎగతాళి చేయడం లేదు. మర్చిపోయిన ఊరి సంగతి అడిగినట్టు అడుగుతున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "శానా తెలుస్తాండాదయ్యా" అని మెల్లగా అంది.

ఇంట్లో చెప్పులతో తిరగడం కూడా చిన్న సంగతి కాదు. వీధి చెప్పులు కాకుండా, గడప దాటనివి వేరే ఒక జత కొన్నాం. దేవుడి గది ముందు గుడ్డ బూట్లు. అన్నిటికీ ఒప్పుకున్నాడు కానీ కల్లం దగ్గర మొరాయించాడు. పంట లక్ష్మి, చెప్పుకాలితో తొక్కితే కళ్లు పోతాయన్నాడు. "చెప్పుకాలితో తొక్కొద్దు, వట్టికాలితోనూ తొక్కొద్దు. గట్టున కుర్చీ వేసుకుని కూర్చోండి, మిషను చూస్తుంది" అన్నాడు మా ఆయన. మా మామ ఒక పూట అన్నం మానేశాడు. తర్వాత గట్టున కుర్చీ వేయించుకున్నాడు. మిషను అంకె చదివి చెప్పగానే, కాయలు గుప్పెట్లో తీసుకుని చెవి దగ్గర ఆడించి, "అవునులే, సరిగ్గానే జెప్పింది" అని దానికి మార్కులు వేసేవాడు.

రోజూ పొద్దున నేను కాళ్లు చూడటం అలవాటైపోయింది. ఇప్పుడు భక్తి నటించాల్సిన పని లేదు. కడిగి, మెత్తటి గుడ్డతో వేళ్ల సందులు ఒత్తి, చిన్న అద్దం కింద పెట్టి చూస్తాను. "బాగున్నాయా మామా, ఏమైనా తెలుస్తోందా?" అంటే, "బాగుండాయి, బాగుండాయి" అంటాడు ఎటో చూస్తూ. ఒకసారి కొత్త చెప్పు ఒరుసుకుని మడమ కమిలింది. నేను చూసేదాకా ఆయన చెప్పలేదు. చెప్పు ఎగుడుదిగుడుగా పడుతోందని ముందురోజే అనుమానం వచ్చిందట. "నీకెందుకు దిగులని చెప్పలే" అన్నాడు. ఇవాళ మడమ కమిలింది, రేపు ఏమవుతుంది? ఎంత చూసినా నేను చూసేది రోజుకు ఒక్కసారే. మిగతా పగలంతా ఆ కాలు ఆయన దగ్గరే ఉంటుంది, ఆయన నోరు మూసుకునే ఉంటుంది.

కొత్త కాయలు దిగే రోజులొచ్చాయి. ఆ రైతు తన పంట వేరే మండీలో వేస్తున్నాడని విన్నాం. ఒక ఆదివారం పొద్దున మా మామ తెల్లపంచె కట్టుకుని, బూట్లలో చెయ్యి పెట్టి చూసుకుని వేసుకుని, "పదమ్మా, ఆ ఊరికి పోయొద్దాం" అన్నాడు. ఎవరి ఊరని నేను అడగలేదు. ఆటోలో వెళ్లాం. ఊరి బయట ఒక కల్వర్టు పడిపోయి ఉంది, ఆటో అక్కడే ఆగిపోయింది. అక్కడి నుంచి చర్చి దాకా తుమ్మచెట్ల మధ్య ముళ్లదారి. ఆయన కర్ర ఊతంతో నెమ్మదిగా నడిచాడు. నేను ఆయన అడుగులే చూస్తూ వెనక నడిచాను.

మేం వెళ్లేసరికి ప్రార్థన అవుతోంది. లోపల పాట వినిపిస్తోంది. మా మామ బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. జనం బయటికి వచ్చారు. ఆ రైతు మమ్మల్ని చూసి ఆగిపోయాడు. ఆయన నోరు తెరవకముందే మా మామ రెండు చేతులూ జోడించాడు.

"తప్పు నాదప్పా. నీ కాయలు పచ్చివని నువ్వు జెప్పినావు. నా కాలికి తెలీలే. తెలీలేదని చెప్పుకోలేక నీ మింద ఏసినా."

అంత జనంలో ఆ మాట అన్నాడు. ఆ రైతు బిత్తరపోయి, "ఏంది శెట్టీ, ఇంత ఎండలో వచ్చి ఈ మాటలు? చేతులు దించు ముందు" అని ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాడు. చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్లు తెప్పించాడు. కాలి సంగతి అడిగాడు. మా మామ దబ్బనం గురించి, వేలు పోవడం గురించి, ఆఖరికి నర్సమ్మ గాజుల గురించి కూడా దాచకుండా చెప్పాడు. చుట్టూ చేరినవాళ్లు గాజుల దగ్గర నవ్వారు, వేలి దగ్గర తమ కాళ్లవైపు చూసుకున్నారు. అక్కడ సగం మందికి షుగరు ఉందని వాళ్ల ముఖాలే చెబుతున్నాయి.

నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాక, మా మామ నన్ను పిలిచాడు.

"అమ్మా, ఈడికి రా. ముళ్లదారిన నడిచొచ్చినా. బూట్లో ఏమన్నా దిగిందేమో, నాకు తెలీడంలే. రవ్వంత చూడు."

నేను అడగలేదు. ఆయనే పిలిచాడు. అంతమంది ముందు, తెలియడం లేదని ఆయనే చెప్పాడు. మెట్టు కింద కూర్చుని బూటు విప్పి, మేజోడు తీసి, కుడికాలు ఒళ్లో పెట్టుకుని చూశాను. మడమ, అంచులు, వేళ్ల సందులు. ఎడమకాలు కూడా చూశాను.

"ఏమీ లేదు మామా" అన్నాను. "ఒక్క గీతైనా లేదు."

ఆ రైతు ఇదంతా చూస్తూ పక్కనే నిలబడి ఉన్నాడు. కాసేపు ఊగిసలాడి, మా మామ పక్కన మెట్టు మీద కూర్చుని, చెప్పు విడిచి కాలు ముందుకు చాపాడు. "నాది గూడ సూడు తల్లీ. నాకూ షుగరుండాదన్నారు, మాత్రలు మానేసినా" అన్నాడు.

బీటలు వారిన పాదం అది. మడమకు పైన, పక్కగా, తుమ్మముల్లు ఒకటి విరిగి లోపలే ఉంది. చుట్టూ ఎర్రగా కమిలింది. దాని పక్కన వేలితో మెల్లగా ఒత్తాను.

"నొప్పిగా ఉందా పెద్దాయనా?"

ఆయన తల తిప్పి చుట్టూ ఉన్న తన ఊరివాళ్ల వంక చూశాడు. తర్వాత మా మామ వంక చూశాడు. మా మామ ఆయన కళ్లలోకే చూస్తున్నాడు.

"తెలీడంలేమ్మా" అన్నాడు ఆ రైతు.

మా మామ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "చెప్పినావు గదా" అన్నాడు. "ఇంగ కాలు నిలబడతాదిలే. లేప్పా, ఆటో ఉండాది, ఇట్లే కడపకు పోదాం."